సారెలో వెళ్ళిన ఫ్లాపీలు

పోయిన నెల ఒక ఇంజనీరింగు కాలేజీ అమ్మాయి బందరులో మా ఇంటికి వచ్చింది. సెమినార్‌లో పేపరు చదవాలట. ఏ దేశంలో సాఫ్ట్‌వేర్ ధర ఎంత, ఏ దేశంలో దొంగకాపీలు ఎంత నడుస్తాయి, ఈ రెంటికీ సంబంధం ఏమిటి అన్నది విషయం. మా వీధి చివర జిరాక్స్ కొట్టాయన, మొదట్లో ఈ జిల్లాలో సాఫ్ట్‌వేర్ రాసి అమ్మినావిడ ఫలానా ఇంట్లో ఉంటుందని నా అడ్రసు చెప్పాడట. మర్యాద తెలిసిన పిల్ల. చెప్పులు గుమ్మం బయట విప్పింది, మంచినీళ్ళు తాగింది, ఫోనును రికార్డింగులో పెట్టి బల్ల మీద ఉంచి, "పైరసీ వల్ల మీరెంత నష్టపోయారు మేడం?" అని అడిగింది. నాకు ఒళ్ళు మండింది. "నష్టపోయానని నీకెవరు చెప్పారమ్మా?" అన్నాను. పాపం, తెచ్చుకున్న ప్రశ్నలన్నీ ఆ నష్టం మీదే కట్టుకొచ్చినట్టుంది, బిక్కమొహం వేసి ఫోను వంక చూసింది. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకింది. అందులో ఆ పిల్ల పేపరుకి ఎంత పనికొచ్చిందో నాకు తెలియదు. తను వెళ్ళాక మాత్రం గుడివాడలో బంటుమిల్లి రోడ్డు మీది మా పాత ఇల్లు, ఆ ఇంటి ముందుగది, మా నాన్న, అన్నీ వరసపెట్టి గుర్తుకొచ్చాయి. తనకి చెప్పనివి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న రైసుమిల్లు గుమాస్తా. గుడివాడలో చలపతిరావు గారి మిల్లంటే అప్పట్లో పెద్ద పేరు. పొద్దున్నే చద్దన్నం తిని వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకి వచ్చేవాడు. వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల వెనక, చొక్కా మడతల్లో అంతా తవుడే. అమ్మ గుమ్మంలోనే ఆపేసి, "అక్కడే దులుపుకోండి, ఇప్పుడే ఇల్లు ఊడ్చాను" అనేది. దొడ్లో వేణ్ణీళ్ళు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వచ్చేదాకా కంచం పెట్టేది కాదు. ఎన్ని నీళ్ళు పోసుకున్నా ఆ వాసన పూర్తిగా పోయేది కాదు. పచ్చి తవుడు వాసన కొంచెం తియ్యగా, కొంచెం మాగినట్టు ఉంటుంది. నాన్నకి నస్యం అలవాటు కూడా ఉండేది. పెద్ద కూడిక వేసే ముందు ఒక పట్టు పీల్చి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు కలం పట్టేవాడు. మిల్లులో ఆడిన బియ్యంలో ఇంత వంతు గవర్నమెంటుకి వాళ్ళు చెప్పిన ధరకి ఇచ్చి, మిగిలినదే బయట అమ్ముకోవాలి. దాన్ని లెవీ అనేవారు. ఆ వంతూ, ఆ ధరా పంట పంటకీ మారుతుండేవి. వచ్చిన ధాన్యం ఎంత, అందులో బియ్యం ఎంత, నూక ఎంత, తవుడు ఎంత, లెవీకి పోయింది ఎంత అన్న లెక్క తేల్చాలంటే సీజనులో నాన్నకి నస్యం డబ్బీ రెండు రోజులకే ఖాళీ అయ్యేది.

డిగ్రీ అయ్యాక నేను ఊళ్ళోనే ఒక కంప్యూటరు ఇనిస్టిట్యూట్‌లో చేరాను. ఆ గదికి ఏసీ, తలుపుకి పరదా. గుళ్ళోకి వెళ్ళినట్టే చెప్పులు బయట విప్పి వెళ్ళాలి. మాస్టారు మాకు నేర్పిన డేటాబేస్ ప్రోగ్రాం అమెరికాది, దాని ధర డాలర్లలో ఉండేది. ఒకరోజు ఆయన సరదాకి దాన్ని బోర్డు మీద రూపాయల్లోకి మార్చి చూపించారు. అది మా నాన్నకి దాదాపు రెండేళ్ళ జీతం. ఆ దేశంలో ప్రోగ్రాం రాసేవాడికి మహా అయితే వారం పదిరోజుల జీతమట. "మరి మన దగ్గరికి ఎలా వచ్చింది సార్?" అని అడిగాను. "విజయవాడ నుంచి వచ్చింది" అన్నారు. "విజయవాడకి?" అంటే, "మద్రాసు నుంచి" అన్నారు. "మద్రాసుకి?" అనేసరికి, "అమ్మాయ్, నువ్వు ముందు నోట్సు రాసుకో" అన్నారు. అదీ సంగతి. మా జిల్లాలో కంప్యూటరు నేర్చుకున్న ప్రతివాళ్ళూ అలా వచ్చిన కాపీ మీదే నేర్చుకున్నారు, నేనూ అంతే. ఇది రాసేటప్పుడు కాస్త తల దించుకుని రాస్తే బాగుంటుందని కొందరికి ఉంటుంది. నేను దించను. వాళ్ళ ఊరి జీతాలు చూసి ధర కట్టి, ఆ ధరచీటీ మార్చకుండా సరుకు తెచ్చి మా ఊళ్ళో పెడితే ఎవరు కొంటారండీ? కొన్నేళ్ళకి అలాంటి ప్రోగ్రాముకే మన దేశానికని వేరే ధర పెట్టారు. అప్పుడు పరిగెత్తుకెళ్ళి డబ్బు కట్టి, అట్టపెట్టె గుండెకి హత్తుకుని బస్సులో తెచ్చుకున్నదాన్ని కూడా నేనే.

ఇనిస్టిట్యూట్ వాళ్ళు కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు పాతది ఒకటి వాయిదాల మీద నాకిచ్చారు. దాన్ని మా ముందుగదిలో పెట్టుకుని, నాన్న పక్కన కూర్చుని చెప్తుంటే మిల్లు లెక్కల ప్రోగ్రాం రాశాను. పేరు ధాన్యలక్ష్మి. తెరవగానే మొదట ఆ పేరు, కింద మా ఇంటి ఫోన్ నంబరు కనిపించేవి. దానికి ధర పెట్టింది నాన్న. "గుమాస్తా ఏడాదంతా చేసే పని చేస్తోంది కాబట్టి గుమాస్తా ఏడాది జీతం. దానికి పైసా తగ్గొద్దు" అన్నాడు. చెప్తున్నప్పుడు ఆయన మొహం చూడాలి. మా అమ్మాయి రాసింది చవకగా ఎలా ఇస్తాం అన్న గర్వం. చలపతిరావు గారు నాన్న మొహం చూసి కొన్నారు. ఆయన తమ్ముడి మిల్లు, బావమరిది మిల్లు కొన్నాయి. అంతే, అక్కడితో ఆగిపోయింది. ఈలోగా విజయవాడలో ఎవరో తెలిసినాయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం చూశారు. నాన్న నాతో మెత్తగానే చెప్పాడు. "వేసవిలో దాళ్వా పంట మిల్లుకొచ్చేదాకా ఆగమన్నాను. అప్పటికీ ఇది నడవకపోతే వెళ్ళి చేరమ్మా. నేను ఎన్నాళ్ళుంటాను?" నేను సరే అన్నాను గానీ మనసులో అస్సలు సరే అనుకోలేదు. నేను రాసినది ఒక మిల్లులో కూర్చుని లెక్క తేలుస్తుంటే, అక్కడివాళ్ళు దాన్ని నమ్మి లారీలు పంపుతుంటే చూశాను. ఆ రుచి మరిగాక ఇంకొకరు చెప్పింది టైపు కొట్టడం నావల్ల కాదు. నాకు ఆ ముందుగది కావాలి.

కొనేవాళ్ళు ఆగిపోయారు గానీ ఫోన్లు మాత్రం ఆగలేదు. ఒకరోజు కైకలూరు నుంచి ఎవరో చేశారు. "ధాన్యలక్ష్మి వాళ్ళేనా అమ్మా? మీ ప్రోగ్రాం నూక లెక్క తప్పు చూపిస్తోందండీ" అన్నారు. "మీ మిల్లు ఏదండీ? మీకు నేను అమ్మలేదే" అన్నాను. "మీరు అమ్మలేదండీ, మా బావగారు ఇచ్చారు." "మీ బావగారికెవరిచ్చారు?" "వాళ్ళ పెదనాన్నగారబ్బాయి. అందరం ఒకటేలెండి. మరి ఎప్పుడొస్తున్నారు?" దొంగతనం చేసినవాడు ఇంటివాళ్ళకే ఫోన్ చేసి తాళం సరిగ్గా పడటంలేదని చెప్పినట్టుంది నాకు. నాలుగు చీవాట్లు పెట్టి ఫోన్ పెట్టేశాను. మళ్ళీ నా నూక లెక్కలో తప్పేముందో చూడకుండా ఉండలేక మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. కాఫీ ఇచ్చారు, భోజనం పెట్టారు, వచ్చేటప్పుడు ఒక అరటిగెల బస్సు పైన వేయించారు. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఇంట్లో ఉన్న విత్తనం చుట్టాలకి ఇచ్చినట్టే అది కూడా ఇచ్చుకుంటున్నారు. అలా ముదినేపల్లి నుంచి, పామర్రు నుంచి, నేను గడప తొక్కని మిల్లుల నుంచి ఫోన్లు రావడం మొదలైంది. వినీ వినీ నాకొకటి అర్థమైంది. నా ప్రోగ్రాం వియ్యాలవారి దారిలో ప్రయాణం చేస్తోంది. ఏ మిల్లువాళ్ళు ఏ మిల్లువాళ్ళకి పిల్లనిచ్చారో తెలిస్తే అది ఎక్కడికి చేరిందో చెప్పేయొచ్చు.

చలపతిరావు గారి అమ్మాయి నీరజ నాతోపాటు డిగ్రీ చదివింది. తనని దివిసీమలో కోడూరు దగ్గర ఒక చిన్న మిల్లువాళ్ళ అబ్బాయికిచ్చారు. పెళ్ళయ్యాక పిల్లని అత్తారింటికి పంపే రోజున నేను కూడా సాయానికి వెళ్ళాను. వాళ్ళ హాలంతా సారె సామాను. బందరు లడ్లు, సున్నుండలు, అరిసెలు, చలిమిడి బిందె, ఇత్తడి గంగాళం. నీరజ వాళ్ళమ్మ కమలమ్మ గారు కుంకం భరిణె పట్టుకుని ఒక్కోదానికీ బొట్టు పెట్టుకుంటూ వస్తున్నారు. ఒక పళ్ళెంలో తమలపాకుల మీద ఫ్లాపీలు కనిపించాయి. పైన ఎవరిదో చేతిరాతతో ధాన్యలక్ష్మి అని ఉంది. "ఇవేంటి అత్తయ్యగారూ?" అన్నాను. ఆవిడ ఎంతో సంతోషంగా, "మీ ప్రోగ్రామేనమ్మా. మా వియ్యంకుడుగారు ప్రత్యేకంగా అడిగారు" అన్నారు. చలపతిరావు గారు అక్కడే ఉన్నారు. "మావయ్యగారూ, ఇది మీకొక్కరికే కదండీ ఇచ్చింది" అన్నాను. ఆయనకి నా మాట నిజంగానే అర్థం కాలేదు. "పిల్లనే ఇచ్చేస్తున్నాం, లెక్కల ప్రోగ్రాం ఇవ్వడానికేముందమ్మా? మన దగ్గర తగ్గిపోయేదేమన్నా ఉందా?" అన్నారు. నేను అలిగి అన్నం కూడా తినకుండా ఇంటికొచ్చేశాను. యజమాని ఇంటి శుభకార్యంలో కూతురు అలిగి వచ్చేసిందని నాన్న ఆ వారమంతా మిల్లులో తలెత్తుకోలేకపోయాడు.

తర్వాత కొద్దిరోజులకే నీరజ నుంచి ఫోను. "పద్మా, నువ్వు అలిగావని తెలుసు. ఆ అలక తర్వాత తీర్చుకుందువుగాని, ముందు ఇక్కడికి రావే" అంది. ఏమైందని అడిగితే, "మా అమ్మ ఫ్లాపీలకి బొట్టు పెట్టింది" అంది. "పెడితే?" అన్నాను. "పైన పెడితే పర్లేదు. ఆ రేకు మూత జరిపి లోపల పెట్టిందే. అసలు సరుకు ఉండేది లోపలే కదా అందట. ఈయన కంప్యూటర్లో పెడితే గర్రుమని అరిచి, బయటికి తీస్తే కుంకం రాలింది. ఇప్పుడు ఇంకే ఫ్లాపీ పెట్టినా పనిచేయడం లేదు. సారెలో ఒకటి నడవలేదంటే మిగతావాటి సంగతేంటోనని మా అత్తగారు సున్నుండలు విరిచి చూస్తోంది." నేను నవ్వీ నవ్వీ ఫోను పట్టుకునే నేల మీద కూర్చుండిపోయాను. అది కూడా నవ్వింది గానీ, చివర్లో గొంతు తగ్గించి, "నిజంగా రా. కొత్త ఇల్లు, నాకు మాట పడటం ఇష్టం లేదు" అంది. ఆ సాయంత్రమే చలపతిరావు గారు నాన్నని పిలిచి, మీ అమ్మాయిని తీసుకుని ఒకసారి దివిసీమ వెళ్ళి రండి అన్నారట. యజమాని మాట. నాన్న సెలవు పెట్టి నాతో బయల్దేరాడు.

పామర్రులో బస్సు మారి, కూచిపూడి, చల్లపల్లి దాటి, మోపిదేవిలో బస్సులోంచే స్వామికి దణ్ణం పెట్టుకుని, అవనిగడ్డలో ఇంకో బస్సెక్కి మధ్యాహ్నానికి చేరాం. మిల్లు చిన్నది. ఉప్పెన తర్వాత మళ్ళీ కట్టుకున్నదట. సముద్రం దగ్గర కావడంతో కిటికీ ఊచల నుంచి కంప్యూటరు స్క్రూల దాకా అన్నిటికీ ఉప్పుగాలి తుప్పు. స్పిరిట్ అద్దిన దూదితో కంప్యూటరు లోపలి కుంకమంతా తుడిచాను. నీరజ మామగారు వెంకటరత్నం గారు కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చూస్తూ కూర్చున్నారు. తుడవడం అయ్యాక నా సంచిలో మంచి ఫ్లాపీలు ఉన్నా బయటికి తీయలేదు. "బాబాయిగారూ, దీనికొక ధర ఉందండీ" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "ఉంటుందమ్మా. గుడివాడలో ఎంత తీసుకున్నావో కూడా తెలుసు. కానీ మా వియ్యంకుడుగారి మిల్లు పూటలో ఆడే ధాన్యం మా మిల్లు వారం ఆడుతుంది. గుడివాడ రేటు తెచ్చి కోడూరులో చెప్తే ఎట్లా? కొనగలిగితే సారెలో ఎందుకు పెట్టించుకుంటాం?" అన్నారు. అమెరికా వాళ్ళ ధర మీద నేను ఇనిస్టిట్యూట్‌లో అనుకున్న మాటే ఆయన నా మొహం మీద అన్నారు. నాన్న వేసిన ధర గుడివాడకి సరిపోయే ధర. ఏటిపాయ దాటి దివిసీమలోకొస్తే అదే ధర డాలర్లలో ఉన్నట్టే.

వరండాలో వడ్రంగి ఒకాయన జల్లెడ చట్రం బాగుచేస్తున్నాడు. "ఆయనకి మీరేం ఇస్తారండీ?" అని అడిగాను. "మేర ఇస్తాం. పంటకో బస్తా. మిల్లులో ఎప్పుడేం విరిగినా వస్తాడు" అన్నారు. మా వైపు ఊళ్ళల్లో వడ్రంగికీ, కమ్మరికీ, చాకలికీ ఏడాదంతా పనిచేసినందుకు పంటల మీద కొలిచి ఇచ్చే గింజలు మేర. నేను ఎక్కువ ఆలోచించలేదు. "నాకూ అదే ఇవ్వండి. పంటకో బస్తా బియ్యం. లెవీ మారినప్పుడల్లా కొత్త లెక్క నేను పంపిస్తాను, ఏదన్నా ఆగితే నేనే వస్తాను. కాపీలు మీ చుట్టాలందరికీ ఇచ్చుకోండి, నేను అడ్డుపడను. కొత్త లెక్క కావాల్సినవాళ్ళు మాత్రం బస్తా పంపాలి" అన్నాను. వెంకటరత్నం గారు, "ఇది బాగుంది. మా మిల్లు ఆడితే నీకు, ఆడకపోతే ఇద్దరికీ లేదు" అన్నారు. తలుపు వెనక నుంచి నీరజ గాజుల చప్పుడు. పక్కకి తిరిగితే నాన్న కుర్చీ ఖాళీగా ఉంది. లేచి బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు.

తిరుగు బస్సులో నాన్న మోపిదేవి దగ్గర దణ్ణం కూడా పెట్టుకోలేదు. చల్లపల్లిలో నేను జామకాయలు కొని ఇస్తే తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు, తినలేదు. కూచిపూడి దాటాక నోరు విప్పాడు. "నిన్ను చదివించింది మేర అడుక్కోడానికా?" అన్నాడు. "అడుక్కోవడమేంటి నాన్నా? ఆ వడ్రంగి అడుక్కుంటున్నాడా? పనిచేసి తీసుకుంటున్నాడు. నువ్వు నెలాఖరుకి తీసుకునేది కూడా అదేగా" అన్నాను. "నాది జీతం. జీతానికి ఒక మాట ఉంటుంది. తగ్గిస్తే అడగొచ్చు. మేర అలా కాదు. ఇచ్చింది తీసుకుని, చేతులు జోడించి వెళ్ళాలి. పురుగుబియ్యం ఇచ్చినా నోరెత్తకూడదు. నా కళ్ళతో కల్లాల్లో చూశాను. నా కూతురు అలా ఎవరి గుమ్మం ముందూ నిలబడకూడదు" అన్నాడు. ఇంటికొచ్చాక అమ్మతో, "విజయవాడ వాళ్ళకి దాళ్వా అవగానే వస్తుందని చెప్పేశాను" అన్నాడు. ఆ తర్వాత నాతో అన్నానికి రా, నీళ్ళు తోడు లాంటి మాటలే. నాకు ఆ ఉద్యోగం కంటే నాన్న అలా ఉండటమే ఎక్కువ భయమేసింది. అలవాటుగా ముందుగదిలోకి తొంగిచూసి వెళ్ళే మనిషి, ఆ గది ముందు నుంచి తల తిప్పుకుని వెళ్ళేవాడు.

ఆ దాళ్వా సంగతి చెప్పేముందు కాలేజీ పిల్ల అడిగిన దేశాల గురించి కూడా చెప్పాలి, లేకపోతే మర్చిపోతాను. నాలుగైదేళ్ళు గడిచాక సింగపూరులో బియ్యం వ్యాపారం చేసే ఒక పామర్రు అల్లుడు నా ప్రోగ్రాం అడిగాడు. లెవీ తీసేసి, వాళ్ళ గిడ్డంగి లెక్కకి తగ్గట్టు మార్చి ఇచ్చాను. ధర చెప్తే ఆయనకి కోపమొచ్చింది. "గుడివాడలో బస్తాకి ఇస్తున్నారట, నాకింత ఎందుకండీ?" అన్నాడు. "మిమ్మల్ని కూడా బస్తాయే అడుగుతున్నానండీ. మీ ఊరి బస్తా" అన్నాను. నవ్వి కట్టాడు. ఆ ధైర్యంతో నైజీరియాలో ఒక మిల్లుకి మేనేజరుగా వెళ్ళిన కైకలూరు ఆయనకి కూడా అదే లెక్క చెప్పాను. "అమ్మా, ఇక్కడ బియ్యం పండగపూట వండుకునేదండీ. బస్తా ఖరీదు మా క్లర్కు జీతమంత ఉంటుంది. ఓనరుకి ఈ ధర చెప్తే కాపీ ఎక్కడ దొరుకుతుందో చూడమంటాడు" అన్నాడు. "మరి రోజూ తినేదేంటండీ?" అని అడిగాను. కర్రపెండలం పిండి అన్నాడు. "అయితే ఆ పిండి బస్తా ఎంతో అంత ఇవ్వండి" అన్నాను. ఏటా క్రమం తప్పకుండా పంపాడు. ఒక దేశంలో జనం నిజాయితీపరులు, ఇంకో దేశంలో దొంగలు అని నాకెప్పుడూ అనిపించలేదు. వండుకునే గింజని బట్టి ధర చెప్తే ఎక్కడివాళ్ళయినా ఇచ్చారు. కొనగలిగి కూడా ఎగ్గొట్టేవాళ్ళు లేకపోలేదు, వాళ్ళు గుడివాడలోనూ ఉన్నారు, సింగపూరులోనూ ఉన్నారు. కానీ కొనలేక కాపీ చేసుకున్నవాళ్ళని కూడా వాళ్ళతో కలిపి కూడి, అదంతా నష్టం అని రాయడం మా నాన్న దగ్గర అయితే చెల్లేది కాదు. ఇప్పుడు ప్రోగ్రాం ఏది కావాలన్నా నెల నెలా కట్టమంటున్నారు, దేశానికొక ధర అంటున్నారు. బాగానే ఉంది. అయితే ఏదన్నా ఆగిపోయి ఫోన్ చేస్తే అవతల మనిషి ఉండడు, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. మాకు మనిషి ఉండేది, కరెంటే ఉండేది కాదు. రెండూ ఒకేసారి దొరికిన రోజులు నేనైతే చూడలేదు.

ఇక ఆ దాళ్వా. వడగాలికి వీధిలో కాకి కూడా లేదు. నాన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చి, తిని, అరుగు మీద తువ్వాలు పరుచుకుని నడుం వాల్చాడు. నా పెట్టె అమ్మ అప్పటికే సర్దుతోంది. లారీ స్టాండు నుంచి రెండు రిక్షాలు వచ్చి మా ఇంటి ముందు ఆగాయి. వాటి నిండా బియ్యం బస్తాలు. ఒక్కోదాని మీద ఎర్రరంగుతో మిల్లు పేరు, ఊరి పేరు. కోడూరు ఒకటి. మిగతావి నాగాయలంక, అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి పక్క ఊళ్ళవి. నేను చూడని మిల్లులు, వెంకటరత్నం గారి చుట్టాలు, ఆ చుట్టాల చుట్టాలు. అరిచి చెప్పాలన్నంత సంతోషం, పక్కనే నాన్న. ఎదురింటి కిరాణాకొట్టు శేషయ్య గారు బయటికొచ్చి, "ఏంటండీ గుమాస్తాగారూ, బియ్యం కొట్టు పెడుతున్నారా?" అన్నారు. నాన్న మొహం ఎర్రబడింది. లేచి కూర్చున్నాడు. లోపలికి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. రిక్షావాళ్ళు బస్తాలు అరుగు మీదికి దించుతుంటే ఊరుకోలేక ఒకదాని కుట్టు సందులోంచి గుప్పెడు గింజలు లాగి అరచేతిలో వేసుకుని చూశాడు. రెండోది చూశాడు, మూడోది చూశాడు. చల్లపల్లి పక్క నుంచి వచ్చిన బస్తా దగ్గర ఆగిపోయాడు. అరచేయి నా వైపు చాపాడు. సగం నూక, మధ్యలో రంగుమారిన గింజలు. "ఇది చూశావా?" అన్నాడు. అన్నం, నీళ్ళ సంగతి కాకుండా ఎన్నో రోజుల తర్వాత నాతో అన్న మాట అది. "పోనీలే నాన్నా, ఒక్కటేగా" అన్నాను.

నాన్న చొక్కా కూడా వేసుకోకుండా లోపలికి వెళ్ళి ఫోను తీశాడు. బస్తా మీది పేరు నన్ను చదవమని, నంబరు నా చేత వెతికించి, ఆ మిల్లుకి చేశాడు. ఫోనులో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, గుమ్మం బయట రిక్షావాళ్ళకి కూడా వినపడేలా మాట్లాడాడు. "గుడివాడ నుంచి ధాన్యలక్ష్మి పద్మ వాళ్ళ నాన్నని మాట్లాడుతున్నానండీ. మీరు పంపిన బస్తా చూశాను. సగం నూక ఉంది. మా అమ్మాయి మీ లెక్కలో నూకని బియ్యంలో కలిపి చూపిస్తే మీరు ఊరుకుంటారా? మరి మాకెలా పంపారు?" అవతలివాళ్ళు ఏదో అన్నారు. నాన్న విని, "అవునండీ, మేరే. మేర కాబట్టే అడుగుతున్నాను. అమ్మాయి పని చేసింది, మీరు మంచి బియ్యం ఇవ్వాలి. ఇది ఇప్పుడే వెనక్కి పంపిస్తున్నాను. కొత్త బస్తా వచ్చాకే కొత్త లెక్క వస్తుంది" అని పెట్టేశాడు. బయటికొచ్చి ఆ బస్తా మూతి బిగించి, రిక్షావాడు ఒక పక్క పడితే తనొక పక్క పట్టి మళ్ళీ రిక్షాలో వేయించాడు. ఒళ్ళంతా తవుడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది గానీ ఈసారి దులుపుకోమనలేదు. నాకు కళ్ళనిండా నీళ్ళు తిరిగి, ముందుగదిలోకి వెళ్ళి కంప్యూటరు మీది గుడ్డ తీసి ఊరికే కూర్చున్నాను. నాన్న మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చాడు. ఈసారి నంబరు నన్ను అడగలేదు, ఆయనకి నోటికే వచ్చు. విజయవాడ. ఉద్యోగం చూసినాయనే ఎత్తినట్టున్నాడు. నాన్న మామూలు గొంతుతో, "ఏమీ అనుకోకండి, మా అమ్మాయి రాదండీ. దానికి ఇక్కడ పనుంది" అన్నాడు.